ములాఖత్‌కి వెళ్ళండి, ఉత్తరం కూడా రాయండి

మా శ్రీకాకుళం జిల్లాలో ఇంట్లో ఒక మనిషి కొన్నాళ్ళు కనబడకపోతే ఎవరూ పెద్దగా ఆరా తియ్యరు. వలస వెళ్ళుంటాడనుకుంటారు. హైదరాబాదో, చెన్నైయో, చేపల పనికైతే గుజరాత్‌లో వీరావలో, కాస్త డబ్బు పెట్టుకోగలిగితే గల్ఫో. ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురు అలా వెళ్ళినవాళ్ళే ఉంటారు. అందుకే జైలుకెళ్ళిన మనిషిని ఊరికి తెలియకుండా దాచడం ఇక్కడ చాలా తేలిక. "గుంటడు పనికెల్లినాడు" అని ఒక్క మాట అంటే ఊరు నమ్మేస్తుంది. కానీ ఆ మాట నిలబడాలంటే జైల్లో వాడిని చూడ్డానికి ములాఖత్‌కి పోకూడదు. పోస్టాఫీసులో జైలు చిరునామా ఉన్న కవరు ఇవ్వకూడదు. జైలు ముద్ర పడిన ఉత్తరం ఇంటికి రాకూడదు. పరువు కోసం మొదలుపెట్టిన అబద్ధం నెల తిరిగేసరికి లోపలున్నవాడిని దిక్కులేనివాడిని చేస్తుంది.

ఇలాంటి ఇళ్ళు నాకు తెలుసు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల ఇంట్లో ఉంటుంది, డ్వాక్రా సంఘంలో పది మంది మధ్య కూర్చోవాలి, పక్కింటివాళ్ళ ముందు తలెత్తుకు తిరగాలి. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా వాళ్ళతో గట్టిగా వాదిస్తాను, ఎందుకంటే దానికి చెల్లించే ధర వాళ్ళు అనుకుంటున్నదానికన్నా చాలా ఎక్కువ. జైల్లో ఉన్న మనిషికి బయట తిరిగే మనిషి ఒకరు లేకపోతే బాధ ఒక్కటే కాదు, అతని కేసే ఆగిపోతుంది.

ముందు ఒక లెక్క చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, వాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి డెబ్బై ఐదుగురి పైన ఇంకా ఏ కోర్టూ దోషులని తేల్చనివాళ్ళు. మనం ఊళ్ళో "జైలుకెళ్ళాడు" అనే మాటతో ముద్ర వేసేసేది ఎక్కువగా వీళ్ళ మీదే. తీర్పు కోర్టు ఇంకా చెప్పలేదు, మనం చెప్పేశాం.

మా పిన్ని పలాసలో జీడిపిక్కల పనికి వెళ్తుంది. రోజుకూలి. ఆమె కొడుకు ఒక కేసులో రిమాండ్‌కి వెళ్ళాడు. కేసు ఏమిటన్నది ఇక్కడ అనవసరం, ఇప్పటికీ నడుస్తోంది. ఏ జైలో కూడా చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఒక గేటు గురించీ ఒక ఉద్యోగి గురించీ కాదు. పిన్నీ బాబాయీ ఇద్దరూ పెద్దగా చదువుకోలేదు కాబట్టి మొదట్నుంచీ నేనే వాళ్ళతో వెళ్ళాను.

తెల్లవారుజామున రైలెక్కితే జైలు గేటు దగ్గరికి చేరేసరికి పొద్దెక్కిపోతుంది. ఆధార్ జిరాక్సు ఇవ్వాలి, ఫోన్లు బయట పెట్టాలి, పేరు రాయించుకోవాలి, పిలిచేదాకా కూర్చోవాలి. కూర్చోడానికి నీడ ఉంటే అదృష్టం. పిన్ని సంచి నిండా తెచ్చుకుంది: జంతికలు, సబ్బులు, రెండు జతల బట్టలు. జంతికలు కుదరదన్నారు. బొందు ఉన్న నిక్కరు వెనక్కిచ్చేశారు. బొందు ఎందుకు వద్దన్నారో నాకు తర్వాత అర్థమైంది, దాంతో ఎవరైనా ప్రాణం తీసుకుంటారేమోనన్న భయంతో పెట్టిన జాగ్రత్త. తప్పు పట్టను. కానీ ఏవి తేవచ్చో ఏవి తేకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు గేటు దగ్గర ఉంటే ఆ తల్లి రాత్రంతా మేలుకుని జంతికలు వండేది కాదు. 1894 నాటి జైళ్ళ చట్టంలోనే విచారణ ఖైదీ బయటి నుంచి తిండి, బట్టలు, పక్కబట్టలు తెప్పించుకునే వీలు ఉంది, తనిఖీకీ నిబంధనలకూ లోబడి. ఆ నిబంధనలేవో తెలుసుకునే దారే మామూలు మనిషికి లేదు.

లోపల అద్దానికి అటు వాడు, ఇటు మేము. మాట్లాడ్డానికి ఇంటర్‌కం ఫోను. రిసీవరు ఒక్కటే. పిన్ని దాన్ని రెండు చేతులతో చెవికి అదుముకుంది. బాబాయికి కొడుకు పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు. పక్కన వరసగా ఉన్న ఫోన్లలో అందరూ అరుస్తున్నారు. "తిన్నావా నానా?" "తిన్నానమ్మా." "ఏటి పెట్నారు?" "బాగానే పెడుతున్నారు." "సన్నగైపోనావు." "లేదమ్మా, అలాగే ఉన్నాను." ఇలా నడుస్తుండగానే టైం అయిపోయిందన్నారు. లాయరు వచ్చి కలిశాడా, తర్వాత వాయిదా ఎప్పుడు, మందులు ఇస్తున్నారా, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టాడా — అడగాల్సినవన్నీ అలాగే ఉండిపోయాయి. బయటికొచ్చాక బాబాయి ఒక్క మాట అన్నాడు: "నాను ఇనలేదు గాని, ఆడు ఏడవలేదు కదా?"

అక్కడే నాకు బాగా తెలిసొచ్చింది, ములాఖత్ చూసుకోడానికి. పని జరగడానికి కాగితం కావాలి. చూసుకోవడం చిన్న విషయమని కాదు. బిడ్డ ఒంటి మీద దెబ్బలు లేవని తల్లి కళ్ళారా చూడటం ఏ ఉత్తరమూ చెయ్యలేని పని. కానీ ఆ కొద్ది నిమిషాల్లో కేసు గురించి తేల్చుకుందామనుకుంటే మాత్రం తేలదు. వెళ్ళే ముందు అడగాల్సినవి చీటీ మీద రాసుకుని, ముందు వాటిని అడిగేసి, తర్వాత ఏడ్చినా నవ్వినా మీ ఇష్టం.

ఇక దూరం సంగతి. విశాఖపట్నం సెంట్రల్ జైలు ఒకప్పుడు ఊరి నడిబొడ్డున ఉండేది. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగితే నడిచి వెళ్ళగలిగేంత దగ్గర. ఇప్పుడు అక్కడ సెంట్రల్ పార్కు ఉంది, జైలు సింహాచలం పక్కన అడవివరానికి వెళ్ళింది. శ్రీకాకుళం పట్నం నుంచి వంద కిలోమీటర్లు దాటుతుంది, పలాస నుంచి రెండు వందలకు దగ్గర. జిల్లా జైలు శ్రీకాకుళం దగ్గర అంపోలులో ఉంది, కానీ ఏ ఖైదీ ఎక్కడుంటాడన్నది కుటుంబం చేతిలో ఉండదు. ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. మహిళల ప్రత్యేక జైలు రాజమహేంద్రవరంలో ఉంది. ఇచ్ఛాపురంలో ఉన్న పిల్లలు అక్కడున్న తల్లిని చూడాలంటే ఒకవైపుకే నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్ లేదు. జైలు గేటు ముందు కూర్చునే తల్లులకూ భార్యలకూ అది ఎంత ఉపకారం చేసిందో నేను దగ్గరగా చూశాను. కానీ టికెట్ ఖర్చు తప్పినా ఆ రోజు కూలి పోతూనే ఉంది. ఆదివారం పూట ములాఖత్ దొరికితే ఆ కూలీ పోదు. జైలు సిబ్బందికీ సెలవు కావాలి కదా అంటారు. కావాలి, నిజమే. ఆసుపత్రుల్లో, రైల్వేలో వంతులు వేసుకున్నట్టే ఇక్కడా వేసుకోవచ్చు.

విశాఖ పాత జైలు అన్నాను కాబట్టి ఒక తీర్పు గుర్తు చెయ్యాలి. శ్రీకాకుళ పోరాటం రోజుల తర్వాత నక్సలైటు కేసుల్లో ఉన్న ఖైదీలు ఆ జైలు నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. జైలు గోడ మీద కరెంటు తీగ పెట్టారని వాళ్ళ ఫిర్యాదు. భువన్ మోహన్ పట్నాయక్ కేసుగా 1974లో తీర్పు వచ్చింది. శిక్ష పడినంత మాత్రాన మనిషికి ఉన్న ప్రాథమిక హక్కులన్నీ పోవని, ఆ తీగ పెట్టడానికి చట్టం ఆధారం చూపించలేకపోయారని కోర్టు చెప్పింది. దేశంలో ఖైదీల హక్కుల గురించి ఎవరు రాసినా ఎత్తి చూపే ఆ కేసు పుట్టింది మన దగ్గరే. ఇవాళ పార్కులో పిల్లలు ఆడుకునే ఆ నేల మీద పుట్టింది. మన పిల్లలకు బడిలో ఈ ముక్క ఎవరైనా చెబితే బాగుండును.

ములాఖత్ హక్కా కాదా అన్నది కూడా ఎప్పుడో తేలిపోయింది. ఫ్రాన్సిస్ కొరలీ ములిన్ అనే విదేశీ మహిళను ముందస్తు నిర్బంధ చట్టం కింద ఢిల్లీ తిహార్ జైల్లో పెట్టారు. ఆమెకు సుమారు ఐదేళ్ళ కూతురు. ఆ పాపను నెలకు ఒక్కసారే చూడనిచ్చేవాళ్ళు. 1981లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. కుటుంబాన్నీ స్నేహితులనూ కలుసుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కాబట్టి గేటు దగ్గర చేతులు కట్టుకుని బతిమాలక్కర్లేదు. మర్యాదగా, కానీ నిటారుగా నిలబడి అడగొచ్చు.

వీడియో ములాఖత్ ఉందిగా అంటారు. కరోనా టైంలో ములాఖత్‌లు ఆగిపోయినప్పుడు అదే దిక్కయింది, ఇప్పటికీ ఈ-ములాఖత్ కోసం ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. దూరంగా ఉన్నవాళ్ళకు మంచిదే. మా పిన్ని దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఇంతకంటే దాని గురించి చెప్పేది లేదు.

ఉత్తరం దగ్గరికి వస్తాను. నా అసలు మాట ఇదే.

ఇన్‌ల్యాండ్ లెటరు రెండున్నర రూపాయలు. పోస్టుకార్డు అర్ధరూపాయి. ఇవాళ అర్ధరూపాయికి దొరికే వస్తువు ఇంకోటి నాకు తెలియదు. మొదటిసారి పిన్ని దగ్గర కూర్చుని "ఏం రాయమంటావు, చెప్పు" అంటే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. జీడి రసానికి వేళ్ళ చివర్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. "ఏటి రాయాలి? మేం బాగున్నాం, నువ్వు బాగుండు, అంతే కదా" అంది. "ఇంట్లో నిన్న ఏం జరిగిందో చెప్పు పిన్నీ, అదే రాస్తాను" అన్నాను. అప్పుడు మొదలైంది. ఆవు ఈనింది, పెయ్యదూడ. వాడి సైకిలు ఎవరో అడిగితే ఇవ్వలేదు, చూరు కింద పెట్టి గోనెసంచి కప్పింది. బావిలో నీళ్ళు పైకొచ్చాయి. చెల్లెలికి పరీక్షలు అయిపోయాయి. బాబాయికి దగ్గు తగ్గింది. "ఇయ్యన్నీ రాయొచ్చా? జైలోలు నవ్వరా?" అని మధ్యలో ఆగింది. కాగితం రెండు పక్కలా నిండిపోయింది. అంచున ఇంకో రెండు లైన్లు ఇరికించాను.

వాడి జవాబు కొన్నాళ్ళకు వచ్చింది. "అప్పా, దూడకి ఏం పేరెట్టారు?" అని అక్కనైన నన్ను అడిగినది మొదటి లైను. ములాఖత్‌లో అద్దం వెనక నుంచి "బాగానే ఉన్నాను" తప్ప ఇంకో మాట అనని కుర్రాడు కాగితం మీద రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని, చేతి మీద గజ్జి వచ్చిందని, లాయరు ఇంతవరకూ రాలేదని రాశాడు. తల్లి ముఖం చూస్తూ చెప్పలేనివన్నీ రాశాడు. మేం ఆ ఉత్తరం పట్టుకునే లాయరు దగ్గరికి వెళ్ళాం, దానివల్లే డాక్టరు గురించి అడగగలిగాం.

అదే ఉత్తరం చివర్లో ఇంకో సంగతి ఉంది. వాడి బారక్‌లో ఏజెన్సీ వైపు కుర్రాడు ఒకడు ఉన్నాడు. బెయిలు వచ్చి నెల దాటిపోయింది, షూరిటీలు, అంటే పూచీలు, పెట్టేవాళ్ళు లేక లోపలే ఉన్నాడు. ములాఖత్‌కి ఎవరూ రారు, ఉత్తరం రాదు. బెయిలొస్తే ఇంకా ఎందుకు ఉంచారో కూడా అతనికి సరిగ్గా తెలియదు. నేను ఆ ఉత్తరం తీసుకుని, ఉచితంగా న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళాను. అక్కడ ఉన్నావిడ శ్రద్ధగా చదివి వివరాలు రాసుకున్నారు. ఇలాంటివాళ్ళ కోసం 2023 జనవరి 31న సుప్రీంకోర్టు స్పష్టంగా ఆదేశాలిచ్చింది. బెయిలు ఇచ్చిన కోర్టు ఆ ఆర్డరును అదే రోజు లేదా మర్నాడు జైలుకు ఈ-మెయిల్‌లో పంపాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోపు పూచీలు ఇవ్వలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టు తనంతట తానే చూడవచ్చు. అన్నీ ఉన్నాయి. ఆ కుర్రాడికి మాత్రం అవి అందలేదు. తర్వాత షరతులు తగ్గి అతను బయటికొచ్చాడని మా తమ్ముడు ఇంకో ఉత్తరంలో రాశాడు. అతన్ని నేను ఇంతవరకూ చూడలేదు.

పూచీ పెట్టాలంటే పాసుపుస్తకమో ఇంటిపన్ను రసీదో ఉన్న మనిషి కావాలి. ఆ మనిషిని వెతకడానికి, కోర్టుకి తీసుకురావడానికి, లాయరుకి ఫోన్ చేస్తూ ఉండడానికి బయట ఒకరు తిరగాలి. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపిన విచారణ ఖైదీకి, ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడైతే మూడోవంతుకే, విడుదలకు వీలుంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలకు, ఒకటి కన్నా ఎక్కువ కేసులున్నవాళ్ళకు ఇది వర్తించదు. పేద ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం కింద విచారణ ఖైదీకి బెయిలు డబ్బు కట్టే ఏర్పాటు ఉంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచితంగా లాయరును పెట్టాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది, 15100కి ఫోన్ చెయ్యొచ్చు. ఇవన్నీ కాగితం మీద ఉన్న హక్కులు. వాటిని లోపలున్న మనిషి దాకా మోసుకెళ్ళేది అతని కోసం తిరిగే మనిషే. అందుకే ములాఖత్‌కి ఎవరూ రానివాడు ఎక్కువకాలం లోపల ఉండిపోతాడని అంటున్నాను.

ఉత్తరం ఎంత దూరం పోగలదో చూడాలంటే సునీల్ బాత్రా కేసు చూడండి. తిహార్‌లో ఇంకో ఖైదీని వార్డరు హింసించాడని అతను ఒక ఉత్తరం రాశాడు. సుప్రీంకోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1979 డిసెంబరులో వచ్చిన ఆ తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ ఖైదీని చూడ్డానికి కుటుంబం రావడం ఆ ఒంటరితనంలో ఎంత ఓదార్పో ప్రత్యేకంగా రాశారు.

రాసేవాళ్ళకు నాకు తెలిసినంతలో చెబుతాను. ఖైదీ పేరు, తండ్రి పేరు, జైలువాళ్ళిచ్చిన నంబరు ముందు రాసి, కేరాఫ్ సూపరింటెండెంట్ అని జైలు చిరునామా రాయండి. నంబరు తెలియకపోతే ములాఖత్‌లో అడిగి రాసుకోండి, ఒకే పేరున్నవాళ్ళు లోపల చాలామంది ఉంటారు. మీ ఉత్తరం అధికారులు విప్పి చదువుతారు, ఆ ఎరుకతో రాయండి. కేసులో ఏం జరిగింది, ఎవరు సాక్షి లాంటివి అందులో వద్దు. వాటికి లాయరు ఉన్నారు, లాయరుతో మాట్లాడేటప్పుడు ఇంకెవరూ వినకుండా చూడాలని జైళ్ళ చట్టంలోనే ఉంది. కవర్లో నోట్లు పెట్టకండి. జవాబు రాయడానికి చిరునామా రాసిన ఇన్‌ల్యాండ్ లెటరు ఒకటి పంపవచ్చా అని అక్కడే అడగండి. చేరిందో లేదో టెన్షన్‌గా ఉంటే స్పీడ్ పోస్టు చెయ్యండి, రిజిస్టరు పోస్టు 2025 సెప్టెంబరు నుంచి అందులోనే కలిసిపోయింది. అన్నిటికన్నా ముఖ్యం, చిన్న చిన్న సంగతులు రాయండి. ధైర్యంగా ఉండమని పది లైన్లు రాసేబదులు ఇంటి ముందు ఏ చెట్టు కాసిందో రాయండి.

ఇక్కడ ఒకరు నన్ను నిలదీశారు, మా దగ్గరి బంధువే. "వాడి వల్ల నష్టపోయినవాళ్ళ ఇంటికి ఎవరెళ్తున్నారు? వాళ్ళకి ఎవరు ఉత్తరం రాస్తున్నారు?" అని. మంచి ప్రశ్న. వాళ్ళ ఇంటికీ వెళ్ళాలి, వాళ్ళ పక్కనా నిలబడాలి, పరిహారం కోసం వాళ్ళకూ అదే న్యాయసేవాధికార సంస్థ ఉంది. కానీ ఒక తల్లి కొడుకుని చూడకుండా ఉంటే ఇంకో తల్లి దుఃఖం తగ్గదు. నిజంగా తప్పు చేసినవాడైతే శిక్ష పూర్తయ్యాక రావాల్సింది మన వీధికే. ఐదేళ్ళు ఒక్క ఉత్తరం లేకుండా గడిపి వచ్చినవాడు మేలా, ఇంటి సంగతులన్నీ తెలిసి వచ్చినవాడు మేలా? నాకైతే రెండోవాడే పక్కింట్లో ఉండాలని ఉంటుంది.

మనకు సిగ్గుపడకుండా నిలబడటం చేతకాదని కూడా ఎవరూ అనలేరు. 2018 నవంబరులో వీరావల్ నుంచి వేటకెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుని జైల్లో పెట్టినప్పుడు ఆ ఊళ్ళు ఎలా కదిలాయో మనం చూశాం. ములాఖత్‌కి దారే లేదు. భార్యలు అధికారుల దగ్గరికీ నాయకుల దగ్గరికీ తిరిగారు. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా దాటి వచ్చేదాకా ఆ ఇళ్ళకు ఊరంతా తోడుంది. వాళ్ళు ఏ నేరమూ చెయ్యలేదు, నిజమే, అందుకే ఆ తేడా. కానీ అడవివరంలోనూ అంపోలులోనూ ఉన్నవాళ్ళలో నేరం రుజువు కానివాళ్ళు ఎంతమందో పైన లెక్క చూశారు. ఆ భార్యల్లా ఈ భార్యలు ఎందుకు బాహాటంగా తిరగలేకపోతున్నారు? ఆ ఓర్పులో పదో వంతు ఊరు వీళ్ళకు ఇస్తే చాలు.

జైళ్ళ శాఖను నేను అడిగేవి పెద్ద ఖర్చు ఉన్నవి కావు. గేటు దగ్గర తెలుగులోనూ, మన్యం వాళ్ళూ సరిహద్దు వాళ్ళూ వస్తారు కాబట్టి ఒడియాలోనూ ఒక బోర్డు. కూర్చోడానికి నీడ, ఆడవాళ్ళకు బాత్రూం. నెలలో కనీసం రెండు ఆదివారాలు ములాఖత్. వచ్చిన ప్రతి ఉత్తరం ఏ తేదీన వచ్చింది, ఖైదీకి ఏ తేదీన ఇచ్చారు అన్నది ఒక రిజిస్టరులో రాసి ఖైదీ సంతకమో వేలిముద్రో తీసుకోవడం. ఆపిన ఉత్తరమైతే ఆపామని రాసినవాళ్ళకు ఒక కార్డు ముక్క.

శ్రీకాకుళం, విజయనగరం న్యాయసేవాధికార సంస్థలను అడిగేది ఇంకోటి. చదువురానివాళ్ళ కోసం వారానికి ఒక రోజు జైల్లో వాళ్ళ దగ్గర శిక్షణ పొందిన ఒక పారా లీగల్ వాలంటీరు, బయట గేటు దగ్గర ఇంకో వాలంటీరు కూర్చుని ఉత్తరాలు రాసిపెట్టాలి, వచ్చినవి చదివి వినిపించాలి. మా పిన్నికి నేను ఉన్నాను. ఆ గేటు ముందు బల్ల మీద కూర్చున్న చాలామంది తల్లులు మా కవరు చూసి "మాకూ ఒకటి రాసెట్టమ్మా" అని అడిగారు. నేను రాసిచ్చినవి కొన్నే. అందరికీ రాయడానికి ఒకే మనిషి చాలడు, ఆ సంస్థల దగ్గర శిక్షణ పొందినవాళ్ళు ఉన్నారు. అర్జీ రాస్తున్నాను. రాజాం, బొబ్బిలి, టెక్కలి, పార్వతీపురం వైపు ఎవరైనా ఇలాంటి గేటు ముందు కూర్చున్నవాళ్ళుంటే వాళ్ళూ తమ జిల్లా సంస్థకు తమ మాటల్లో ఒకటి రాయాలి.